దస్తఖత్‌కి ముందు రెండు సవాళ్లు



మా ఫుప్పూ కుడిచేతి మణికట్టు మీద కాలిన మచ్చ ఒకటి ఉంది. రొట్టెలు కాలుస్తుండగా మూర్ఛ వచ్చి చెయ్యి పెనం మీద పడిపోయింది. ఆ మచ్చ చూసినప్పుడల్లా నాకు వాట్సప్ గుర్తొస్తుంది.

ఎందుకో చెబుతాను. అంతకు ఐదు వారాల ముందే ఫుప్పూకి మొదటి మూర్ఛ వచ్చింది. దవాఖానాకు తీసుకెళ్లాం, ఎమ్మారై తీశారు. దిమాగ్‌లో ఒకచోట వాపు లాంటిది కనిపించింది. అది గడ్డా, టీబీనా, పాత గాయమా తెలియాలంటే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇచ్చి మళ్లీ తీయాలన్నారు డాక్టరు. ఆ రాత్రే మా ఖాందాన్ గ్రూపులో ఎవరో ఒక ఫార్వర్డ్ పెట్టారు. ఎమ్మారైలో ఎక్కించేది ఒక భారలోహమని, అది జిందగీ అంతా దిమాగ్‌లోనే ఉండిపోతుందని, డాక్టర్లు ఈ సంగతి దాచిపెడుతున్నారని దాని సారాంశం. తెల్లారేసరికి ఫుప్పూ ఫైసలా అయిపోయింది. "బేటా, ఆ జహర్ నేను ఎక్కించుకోను. అల్లాహ్ షిఫా ఇస్తాడు" అంది. మేమూ గట్టిగా చెప్పలేకపోయాం. ఆ ఫార్వర్డులో ఎంత సచ్ ఉందో, ఎంత ఝూట్ ఉందో మాకూ తెలియదు కదా.

ఐదు వారాలు అలాగే గడిచాయి. రెండో మూర్ఛ పెనం దగ్గర వచ్చింది. అప్పుడు కాంట్రాస్ట్‌తో స్కాన్ తీస్తే ఆ వాపు మధ్యలో ఉంగరంలా తెల్లటి వలయం మెరిసింది. వెన్ను నుంచి తీసిన నీటి పరీక్ష, మిగతా పరీక్షలు అన్నీ కలిపి చూసి టీబీ గడ్డ అని తేల్చారు. నెలల తరబడి మందులు వాడింది. ఇప్పుడు తబియత్ బాగుంది, అల్‌హందులిల్లాహ్. మచ్చ మాత్రం ఉండిపోయింది.

ఇది ఖౌఫ్ వల్ల జరిగిన తప్పు. దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో తప్పు ఉంది. అది నాది.

ఫుప్పూ సంగతికి రెండేళ్ల ముందు మా ఖాలూని వెన్నుపూస ఎమ్మారైకి తీసుకెళ్లాను. ఆయన వయసు 67. షుగర్ ఇరవై ఏళ్లుగా ఉంది. అంతకు ముందే నడుముకి ఆపరేషన్ అయింది, మళ్లీ నొప్పి మొదలైంది. కౌంటర్ దగ్గర ఒక కాగితం ఇచ్చి "ఇక్కడ సంతకం పెట్టండి" అన్నారు. మొత్తం ఇంగ్లీషు, అచ్చు చిన్నది, వెనక క్యూ. ఫోన్ మాట్లాడుతూనే దస్తఖత్ చేసేశాను. ఖాలూకి ఇంజెక్షన్ ఇచ్చారు, స్కాన్ అయింది, ఇంటికొచ్చాం. సాయంత్రం ఫైలు సర్దుతుంటే మూడు వారాల కిందటి రక్తపరీక్ష కాగితం కనబడింది. క్రియాటినిన్ 2.6. గుర్దాలు బాగా దెబ్బతిన్నాయని ఆ అంకె చెబుతోంది. ఆ సెంటర్లో ఎవరూ అడగలేదు. నేనూ చూపించలేదు. ఆ కాగితం నా చేతిలోని సంచిలోనే ఉంది.

ఆ రాత్రి చదివిన విషయాలతో నాకు నిద్ర పట్టలేదు. తర్వాత ఏ రకం కాంట్రాస్ట్ ఇచ్చారని ఫోన్ చేసి అడిగితే సరైన జవాబ్ రాలేదు. రిపోర్టులో కాంట్రాస్ట్ ఇచ్చామని ఒక్క మాట ఉంది, పేరు లేదు. నెలల పాటు సలాం చెప్పే వంకతో ఖాలూ చేతులు, కాళ్లు చూస్తూ ఉండేవాణ్ణి, చర్మం గట్టిపడుతోందేమోనని. ఏమీ కాలేదు, అల్లాహ్‌కు షుక్ర్. కానీ ఏమీ కాలేదు అన్నది నా గఫ్లత్‌కి జవాబు కాదు.

ఒకే ఖాందాన్‌లో ఒకరు భయపడి అవసరమైన ఇలాజ్ ఆపుకున్నారు, ఇంకొకరి విషయంలో నేను కళ్లు మూసుకుని సంతకం పెట్టాను. రెండింటికీ జడ్ ఒక్కటే. మనం అడగం. అందుకే ఈ వ్యాసం. నా రాయ్ ముందే చెప్పేస్తాను. ఎమ్మారై కాంట్రాస్ట్ జహర్ కాదు, షర్బత్ కూడా కాదు. అది ఒక దవా. ప్రతి దవాకి ఉన్నట్టే దానికీ ఫాయిదా ఉంది, నుక్సాన్ ఉంది, తీసుకోకూడని మనుషులున్నారు. ఇవి తెలుసుకోవడం మన హక్. తెలుసుకోకుండా సంతకం పెడితే ఆ తప్పులో మన వాటా మనదే.

అసలు ఆ ఇంజెక్షన్ ఏమిటి

మన వాళ్లు దాన్ని రంగు సూది అంటారు, డై అంటారు. నిజానికి దానికి రంగేమీ ఉండదు, చూడటానికి నీళ్లలా ఉంటుంది. అందులో అసలు సరుకు గెడోలినియం అనే లోహం. పరమాణు సంఖ్య 64. ఫిన్లాండ్ రసాయన శాస్త్రవేత్త యోహాన్ గాడోలిన్ పేరు మీద ఆ పేరు వచ్చింది.

మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే కదా. ఎమ్మారై యంత్రం ఒక పెద్ద అయస్కాంతం. ఆ నీటిలోని హైడ్రోజన్ కణాలను రేడియో తరంగాలతో కదిలించి, అవి తిరిగి మామూలు స్థితికి వచ్చే తీరును బట్టి తస్వీర్ తయారు చేస్తుంది. గెడోలినియం దగ్గర్లో ఉంటే ఆ కణాలు త్వరగా సర్దుకుంటాయి. దాంతో ఆ చోటు తస్వీర్‌లో తెల్లగా మెరుస్తుంది.

దిమాగ్ విషయంలో దీని ఫాయిదా చాలా పెద్దది. ఆరోగ్యంగా ఉన్న మెదడుకీ రక్తనాళాలకీ మధ్య అల్లాహ్ ఒక పర్దా పెట్టాడు. రక్తంలోని చాలా పదార్థాలను అది లోపలికి రానివ్వదు, గెడోలినియం మందును కూడా. క్యాన్సర్ గడ్డ, టీబీ, చీము, వాపు ఉన్నచోట ఆ పర్దా చిరుగుతుంది. ఆ చిరుగులోంచి మందు లోపలికి కారి, అక్కడ మెరుపు వస్తుంది. ఫుప్పూ స్కాన్‌లో ఉంగరంలా కనిపించింది అదే. మామూలు ఎమ్మారై "ఇక్కడ ఏదో ఉంది" అంటుంది. అది ఏమై ఉంటుందో, పాతదో కొత్తదో, ఎక్కడిదాకా పాకిందో కాంట్రాస్ట్ చెబుతుంది. మెదడు పొరలకు పట్టిన టీబీ కూడా చాలాసార్లు దీనివల్లే కనబడుతుంది. టీబీ ఇంత ఎక్కువగా ఉన్న మన ముల్క్‌లో ఇది చిన్న విషయం కాదు.

రొమ్ము క్యాన్సర్ కోసం తీసే ఎమ్మారై కాంట్రాస్ట్ లేకుండా దాదాపు పనికిరాదు. కాలేయంలోని గడ్డలను పోల్చడానికి ప్రత్యేకమైన రకాలే ఉన్నాయి. ఖాలూ లాగా వెన్ను ఆపరేషన్ అయినవాళ్లలో, నొప్పికి కారణం మళ్లీ జారిన డిస్కా లేక పాత కోత దగ్గర పెరిగిన మచ్చ కణజాలమా అని విడదీసి చూపించేదీ ఇదే.

అయితే ప్రతి ఎమ్మారైకీ ఇది అక్కర్లేదు. మొదటిసారి వచ్చిన నడుము నొప్పికి, మోకాలి నరం తెగిందేమో చూడటానికి, పక్షవాతం వచ్చిన మొదటి గంటల్లో దెబ్బతిన్న భాగం గుర్తించడానికి మామూలు స్కాన్ చాలాసార్లు సరిపోతుంది. కాబట్టి "ఈ స్కాన్‌కి కాంట్రాస్ట్ దేనికి?" అని అడగడం బేఅదబీ కాదు.

నుక్సాన్ ఎక్కడుంది

ఇప్పుడు ఆ ఫార్వర్డు సంగతికి వద్దాం. అందులో పూర్తిగా ఝూట్ లేదు. అదే అసలు పరేషానీ. పూర్తి అబద్ధమైతే కొట్టిపారేయడం సులువు.

ఒంటరి గెడోలినియం నిజంగానే జహర్. దాని కణం పరిమాణంలో కాల్షియంకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, కాల్షియం చేయాల్సిన పనులకు అడ్డుపడుతుంది. అందుకే దాన్ని ఒట్టిగా ఎక్కించరు. ఒక రసాయన పింజ్రాలో బంధించి ఇస్తారు. ఆ పింజ్రాతో సహా అది గుర్దాల ద్వారా పేషాబ్‌లో బయటికి పోవాలి. గుర్దాలు బాగున్నవారిలో సుమారు గంటన్నరకు సగం పోతుంది, 24 గంటల్లో దాదాపు అంతా పోతుంది. గుర్దాలు బాగా దెబ్బతింటే ఆ సగం పోవడానికే పది గంటలు, కొన్ని రకాలకైతే ముప్పై గంటల పైన పడుతుంది. అంతసేపు ఒంట్లో తిరిగితే పింజ్రా తలుపు తెరుచుకునే ప్రమాదం ఉంది.

ఈ పింజ్రాలు రెండు రకాలు. ఒకటి తాడుతో చుట్టినట్టుండేది, దాన్ని లీనియర్ అంటారు. రెండోది చుట్టూ మూసిన వలయంలా ఉండేది, దాన్ని మాక్రోసైక్లిక్ అంటారు. రెండో దాని పట్టు చాలా గట్టిది. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే ఈ మాక్రోసైక్లిక్ అన్న మాట గుర్తుంచుకోండి.

1988లో అమెరికాలో మొదటి గెడోలినియం మందు మాగ్నెవిస్ట్‌కు అనుమతి వచ్చింది. అది లీనియర్ రకం. చాలా ఏళ్లు ఈ మందులు గుర్దాలకు కూడా బేఫికర్ అనుకున్నారు. 1997 నుంచి గుర్దాలు పాడైనవారిలో ఒక వింత మర్జ్ కనబడసాగింది. చర్మం చెక్కలా గట్టిపడేది, కీళ్లు వంగేవి కావు, కొందరిలో లోపలి అవయవాలకూ పాకి జాన్ తీసేది. 2000లో దాన్ని వైద్య పత్రికలో కొత్త వ్యాధిగా వర్ణించారు. దాని పేరు నెఫ్రోజెనిక్ సిస్టెమిక్ ఫైబ్రోసిస్. కారణం తెలియడానికి ఇంకా ఆరేళ్లు పట్టింది. 2006లో ఆస్ట్రియా వైద్యుడు గ్రోబ్నర్ దీనికీ గెడోలినియానికీ సంబంధం ఉండొచ్చని రాశాడు. 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల మీద నల్లగడి హెచ్చరిక పెట్టించింది. 2010లో మాగ్నెవిస్ట్, ఆమ్నిస్కాన్, ఆప్టిమార్క్ అనే మూడు లీనియర్ మందులను గుర్దాలు తీవ్రంగా దెబ్బతిన్నవారికి ఇవ్వకూడదని చెప్పింది.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి, ఫార్వర్డుల్లో ఈ సగం ఎప్పుడూ ఉండదు. గుర్దాల పరీక్ష చూసి ఇవ్వడం, గట్టి పింజ్రా ఉన్న మందులకు మారడం మొదలయ్యాక ఈ మర్జ్ కొత్తగా రావడం దాదాపు ఆగిపోయింది. గుర్దాల వ్యాధి నాలుగో, ఐదో దశలో ఉన్నవారికి ఈ సురక్షిత వర్గపు మందులిచ్చిన 4,931 సందర్భాలను కలిపి పరిశీలించిన అధ్యయనం 2020లో వచ్చింది. అందులో ఈ వ్యాధి ఒక్కరికీ రాలేదు. ఇది చదివిన రోజు ఖాలూ విషయంలో నా గుండె కాస్త కుదుటపడింది. ఆయనకు ఏ రకం ఇచ్చారో తెలిసి ఉంటే రెండేళ్ల ముందే కుదుటపడేది.

దిమాగ్‌లో ఉండిపోతుందా

ఉండిపోతుంది, కొద్దిగా. దాచాల్సిన పని లేదు.

2014లో జపాన్ రేడియాలజిస్టు కాండా, ఆయన సహచరులు ఒక సంగతి బయటపెట్టారు. చాలాసార్లు కాంట్రాస్ట్ తీసుకున్నవారి మెదడులో కొన్ని లోపలి భాగాలు, మందు ఇవ్వకముందు తీసిన తస్వీర్లలోనే తెల్లగా కనిపిస్తున్నాయి. మరుసటి ఏడాది అమెరికాలో, చనిపోయినవారి మెదడు కణజాలాన్ని పరీక్షించిన వైద్యులు అక్కడ గెడోలినియం ఉందని నిర్ధారించారు. వాళ్లలో గుర్దాలు బాగున్నవారూ ఉన్నారు. ఎముకల్లో మెదడు కన్నా ఎక్కువే నిలుస్తుందని కూడా తేలింది. లీనియర్ రకాలు ఎక్కువగా, మాక్రోసైక్లిక్ రకాలు చాలా తక్కువగా నిలుస్తాయి.

దీని మీద రెండు పెద్ద సంస్థలు 2017లో రెండు రకాల ఫైసలాలు చేశాయి. యూరప్ ఔషధ సంస్థ, నరంలోకి ఇచ్చే లీనియర్ మందుల్లో కాలేయ పరీక్షకు వాడే రెండింటిని ఆ పనికే పరిమితం చేసి, మిగతావాటి అనుమతిని నిలిపివేయమంది. ఎఫ్‌డీఏ మాత్రం వాటిని ఆపలేదు. ఒంట్లో నిలవడం గురించి హెచ్చరిక చేర్చి, రోగి చేతికి సమాచార పత్రం ఇవ్వాలంది. రెండు సంస్థలూ ఒప్పుకున్న విషయం ఒకటుంది. గుర్దాలు బాగున్నవారి మెదడుకు ఈ నిల్వ వల్ల హాని జరిగినట్టు రుజువు దొరకలేదు.

రుజువు దొరకలేదు కాబట్టి ఏ ప్రమాదమూ లేదని కొందరంటారు. ఒంట్లో నిలిచింది కాబట్టి ప్రమాదమేనని ఇంకొందరంటారు. నేను ఈ రెండు మాటలూ ఒప్పుకోను. నా మాట ఇది: తెలియని నుక్సాన్ చిన్నదైనా సరే, దానికి బదులుగా దొరికే ఫాయిదా ఏమిటో తెలియాలి. ఫుప్పూ విషయంలో ఆ ఫాయిదా ఆమె జిందగీ. అక్కడ తూకం వేయడానికి ఒక్క క్షణం చాలు. మామూలు స్కాన్‌తో తేలిపోయే నొప్పికి, ప్యాకేజీలో ఉంది కదా అని ఎక్కిస్తే ఆ తూకం తప్పు. ఏళ్ల తరబడి పదేపదే స్కాన్ అవసరమయ్యే మరీజులకు, పిల్లలకు ఈ లెక్క ఇంకా ముఖ్యం. అలాంటివారికి ప్రతిసారీ కాంట్రాస్ట్ అవసరమా అని అడగాలి, ఇస్తే మాక్రోసైక్లిక్ ఇవ్వమనాలి. 2022లో అమెరికాలో అనుమతి పొందిన గెడోపిక్లెనాల్ అనే మందులో సగం మోతాదు గెడోలినియంతోనే పని జరుగుతుంది. అంటే శాస్త్రం కూడా ఈ ఫికర్‌ను పక్కన పెట్టలేదు, దాని మీద పని చేస్తూనే ఉంది.

ఇంకొక మాట. ఈ భయాన్ని అమ్ముకునేవాళ్లు కూడా ఉన్నారు. ఒంట్లోని లోహాన్ని కడిగేస్తామంటూ చికిత్సలు, పొడులు, చుక్కలు అమ్ముతారు. కాంట్రాస్ట్ తీసుకున్న మామూలు మనిషికి వాటివల్ల మేలు జరుగుతుందని రుజువు లేదు. కొన్నింటివల్ల హాని ఉంది. హలాల్ కమాయీ అలాంటివాళ్ల చేతిలో పోయకండి.

ఆ రెండు సవాళ్లు

తెలుగులో సవాల్ అంటే తొడగొట్టడం. మన ఇంట్లో సవాల్ అంటే ప్రశ్న. దవాఖానాలో మన పెద్దవాళ్లు ప్రశ్న అడగడానికి జంకేది, అది తెలుగు సవాల్‌లా వినబడుతుందేమోనని. "డాక్టర్ సాబ్‌కి తెలియదా, మనం అడిగితే బురా అనుకోరూ?" అంటారు. వాళ్ల జంకు నాకు అర్థమవుతుంది. గోషాతో వచ్చిన ఆడవాళ్లు, ఇంగ్లీషు రాని బుజుర్గులు కౌంటర్ దగ్గర ఎలాంటి చూపులు ఎదుర్కొంటారో నేనూ చూశాను. కానీ మంచి డాక్టరు ప్రశ్నకు బురా అనుకోడు. ఫుప్పూకి రెండోసారి స్కాన్ తీసిన రేడియాలజిస్టు, నేను అడగ్గానే సీసా తెచ్చి పేరు చూపించాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అప్పటిదాకా నా వెనక వణుకుతూ నిలబడిన ఫుప్పూ "అయితే ఇచ్చేయండి బేటా" అని తనే చెయ్యి చాపింది.

మొదటి సవాల్: నా గుర్దాలు ఎలా ఉన్నాయో చూశారా?

షుగర్, బీపీ, గుర్దాల జబ్బు ఉన్నవారు, 60 దాటినవారు తాజా క్రియాటినిన్ కాగితం చేతిలో పెట్టుకుని వెళ్లండి. సంచిలో కాదు, చేతిలో. ఒట్టి క్రియాటినిన్ అంకె చూసి తృప్తి పడకండి. వయసు కూడా కలిపి ఇ-జీఎఫ్ఆర్ అనే లెక్క కడతారు. క్రియాటినిన్ 1.4 ఉన్న పాతికేళ్ల కుర్రాడికి ఆ లెక్క 70 దాకా వస్తుంది, అదే 1.4 ఉన్న 65 ఏళ్ల అమ్మీకి 40 దగ్గరే వస్తుంది. అది 30 కన్నా తగ్గితే డాక్టరు ఆగి ఆలోచించాలి. నిజంగా అవసరమైతే సురక్షిత రకాన్ని తక్కువ మోతాదులో ఇవ్వొచ్చు, కాబట్టి అప్పుడు కూడా తలుపు పూర్తిగా మూసుకుపోయినట్టు కాదు. డయాలిసిస్ చేయించుకునేవారు, డయాలిసిస్‌కి కాస్త ముందు స్కాన్ పడేలా చూసుకోవాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఊళ్లకు ఊళ్లే గుర్దాల జబ్బుతో బాధపడుతున్న రాష్ట్రం మనది. ఈ మర్జ్ చాలామందిలో చప్పుడు చేయకుండా ముదురుతుంది. మనకు తెలియదు కాబట్టి మనకు లేదనుకోవడం గఫ్లత్.

రెండో సవాల్: మీరిచ్చే మందు పేరేమిటి, అది మాక్రోసైక్లిక్ రకమేనా?

గెడోటెరేట్, గెడోబ్యూట్రాల్, గెడోటెరిడాల్ ఆ రకానివి. డోటారెమ్, గెడావిస్ట్, ప్రోహాన్స్ అనే బ్రాండ్ పేర్లతో ఎక్కువమందికి తెలుసు. ఇచ్చిన మందు పేరు, ఎన్ని మిల్లీలీటర్లో రిపోర్టు మీద రాయించుకోండి. మోతాదు బరువును బట్టి ఉంటుంది. 60 కిలోల మనిషికి సాధారణంగా 12 మిల్లీలీటర్లు, గాఢత రెట్టింపున్న రకమైతే 6. ఆ కాగితం జాగ్రత్తగా దాచండి, రేపు ఇంకో దవాఖానాలో ఇంకో డాక్టరుకు అది పనికొస్తుంది.

ఇవి కాక మన ఇళ్లలో తరచూ అడిగేవి కొన్ని.

కడుపుతో ఉన్న అమ్మాయి సంగతి ముందే చెప్పాలి. కెనడాలోని అంటారియోలో జరిగిన కాన్పులను పరిశీలించిన ఒక అధ్యయనం, గర్భంలో గెడోలినియం తగిలిన బిడ్డల్లో కొన్ని సమస్యలు ఎక్కువగా కనిపించాయని 2016లో చెప్పింది. తల్లి ప్రాణానికి తప్పనిసరైతే తప్ప గర్భిణికి ఇవ్వరు. నెల తప్పిన అనుమానం ఉన్నా సిగ్గుపడకుండా చెప్పాలి. పాలిచ్చే తల్లి మాత్రం పాలు మానక్కర్లేదు. ఆమెకిచ్చిన దానిలో 0.04 శాతం కన్నా తక్కువే పాలలోకి వస్తుంది, అందులో 1 శాతం కూడా బిడ్డ ఒంటికి పట్టదు.

అలర్జీ రావచ్చు. తీవ్రమైనది చాలా అరుదు, పది వేల మందిలో ఒకరి నుంచి లక్ష మందిలో ఒకరి వరకు. ఎక్కువమందికి చెయ్యి చల్లబడటం, కాస్త వికారం, తలనొప్పి అంతే. కానీ ఇదివరకు ఎమ్మారై ఇంజెక్షన్‌కి దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే తప్పకుండా చెప్పాలి. సీటీ స్కాన్‌కి ఇచ్చేది అయోడిన్ మందు, దీనికీ దానికీ సంబంధం లేదు. చేపలు, రొయ్యలు పడనివారికి ఈ మందు కూడా పడదన్నది ఒట్టి వహమ్.

రోజా సంగతి. 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ, ఆహారం కింద ఎక్కించే ద్రవాలు మినహా చర్మంలోకి, కండలోకి, నరంలోకి ఇచ్చే ఇంజెక్షన్లతో రోజా టూటదని తీర్మానించింది. మీ ఇత్మినాన్ కోసం మీ ముఫ్తీ సాబ్‌ని అడగండి. కానీ మూర్ఛలు వస్తున్న మనిషి స్కాన్‌ను రంజాన్ పేరు చెప్పి ఈద్ దాకా వాయిదా వేయకండి. బీమారుకు రోజా విషయంలో రుఖ్సత్ ఉందని మనకందరికీ తెలిసిందే.

చివరగా, స్కాన్ గదిలోకి వెళ్లేముందు హిజాబ్‌కి పెట్టుకునే అయస్కాంతం పిన్నులు, సూదులు, ముక్కుపుడక, రేకు గొట్టంలో ఉన్న తావీజ్ తీసి ఇంటివాళ్ల చేతికివ్వండి. ఆ గది అయస్కాంతం మన అకీదా చూడదు, ఇనుము చూస్తుంది.

ఖాలూకి ఈమధ్య మళ్లీ ఎమ్మారై పడింది. ఈసారి నేను కాగితం పూర్తిగా చదివాను, అర్థం కాని రెండు లైన్లు చదివి చెప్పమన్నాను. క్రియాటినిన్ కాగితం నేనే ముందు పెట్టాను. వాళ్లు చూసి, డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, ఈసారికి కాంట్రాస్ట్ లేకుండానే సరిపోతుందన్నారు. క్యూలో వెనకున్నాయన విసుక్కున్నాడు. మాఫ్ చేయండి భాయ్ అని ఆయనకి చెప్పి, అప్పుడు దస్తఖత్ పెట్టాను.

మీ ఇంట్లో ఎవరికైనా స్కాన్ రాసి ఉంటే ఈ రెండు సవాళ్లు ఒక చీటీ మీద రాసి వాళ్ల జేబులో పెట్టండి. బీమారులందరికీ అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక. ఆమీన్.